విమానం ఎగరాలని కొన్న కంప్యూటరు

మా పెద్దబాపు బతికున్నంతకాలం ఈ సంగతి ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నానంటే ధైర్యం వచ్చి కాదు, వినాల్సిన మనిషి లేడు కాబట్టి.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. కాశిబుగ్గలో జంపఖానాలు నేసే మా సంఘానికి డిజైన్లు గీసేది ఆయనే. పెద్ద గళ్ల కాగితం పరుచుకుని ఒక్కో గడిలో ఒక్కో గుర్తు పెట్టేవాడు. చుక్క ఉంటే ఎరుపు, అడ్డగీత ఉంటే నీలం, ఇంటూ మార్కులాంటి కత్తెర గుర్తు ఉంటే తెలుపు. మగ్గం మీద కూర్చున్నవాళ్లు ఆ గుర్తులు చూసుకుంటూ నేసేవారు. ముప్పై ఏళ్ల డిజైన్లు మడతల దగ్గర చినిగి, మరకలు పట్టి, చివరికి ఆయన ఒక్కడికే అర్థమయ్యేటట్టు తయారయ్యాయి. సరిగ్గా అప్పుడే ఆయన చూపు తగ్గడం మొదలైంది. కంటి దవాఖానలో, ఉన్న చూపు కొన్నాళ్లే నిలుస్తుందని చెప్పి పంపారు. ఆ చూపు ఉండగానే డిజైన్లన్నీ పెద్ద పెద్ద గళ్లతో కొత్త కాగితాల మీదికి ఎక్కాలి, ప్రతి గడీ తాను సరిచూడాలి. ఆయనకున్న కోరిక అదొక్కటే.

ఎనభైల చివర్లో, డిజైన్లు ఎక్కించి అచ్చు తీసుకోవడానికని సంఘానికి ఒక కంప్యూటరు మంజూరైంది. ఏది కొనాలో తేల్చే పని నాకు అప్పగించారు. హన్మకొండలో ఆరు నెలల కంప్యూటరు కోర్సు చేశానని మా వాడలో నాకు ఎక్కడలేని గౌరవం. ఆ కోర్సులో నేను నేర్చిందానికన్నా ఆడింది ఎక్కువ. విమానం నడిపే ఆట అది, ఒక్క ఫ్లాపీలో పట్టేది. మా సెంటర్లోని ఎక్స్‌టీ అనే పాతరకం కంప్యూటరు మీద ఆ విమానం ఎగరడం కాదు, కుంటేది. రన్‌వే ఒకసారి కనిపించి, ఆగి, మళ్లీ కనిపించేలోపల నేలకు కొట్టుకునేది.

సికింద్రాబాదు డీలరు దగ్గరికి పోయేటప్పుడు నా సంచిలో పెద్దబాపు ఇచ్చిన డిజైను నమూనా ఉంది, ఆ ఫ్లాపీ కూడా ఉంది. నమూనా బయటికి తీయనేలేదు. ఫ్లాపీని మాత్రం అక్కడున్న ప్రతి మిషన్‌లో పెట్టి చూశాను. ఎక్స్‌టీలో మళ్లీ అదే కుంటు నడక. ఏటీ అనే కొత్తదాంట్లో విమానం ఆగకుండా సాగింది కానీ, పచ్చరంగు తెర మీద ఆకాశమేదో నేలేదో తెలియలేదు. అదే ఏటీకి రంగుల కార్డు, రంగుల మానిటరు తగిలించాక, నీలాకాశంలో మెత్తగా ఒరిగి తిరిగింది. నాకు ఒళ్లు పులకరించింది. అయితే ఆ మూడూ తీసుకుంటే, మంజూరైన డబ్బులో ప్రింటరు రాదు. ఎక్స్‌టీ తీసుకుంటే వెడల్పాటి ప్రింటరు వస్తుంది. డీలరు రెండు లెక్కలూ రెండు కాగితాల మీద రాసిచ్చాడు.

సంఘం మీటింగులో నేను ఏటీ కాగితమే ముందు పెట్టాను.

"ప్రింటరు లేకుంటె ఎట్ల తమ్మీ?" అని అధ్యక్షుడు అడిగాడు.

"అది ఎనుక తెచ్చుకోవచ్చు. ముందుగాల రంగులు ఉండాలె గద! రంగులు కనవడకుంటె డిజైనెట్ల జేస్తం?" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా.

గదినిండా నేతగాళ్లు. ఊహ తెలిసినప్పటినుంచి చుక్కలూ గీతలూ చూసి నేసినవాళ్లు. డిజైనుకు రంగులు అక్కర్లేదని అక్కడ నాకు తప్ప అందరికీ తెలుసు. నాకూ తెలుసు, అబద్ధమెందుకు? అందరూ పెద్దబాపు వైపు చూశారు. ఆయన కాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"సదువుకున్నోడు, ఆనికి ఎరుక. అదే తెద్దాం తీయుండ్రి" అన్నాడు.

మిషన్ వచ్చింది. చెప్పులు బయట విడిచి రావాలని నేనే రూలు పెట్టాను. మధ్యాహ్నాలు డిజైన్లు ఎక్కించాల్సిన నేను తలుపు దగ్గరికేసుకుని విమానం నడుపుకునేవాణ్ని. ఒకరోజు వెనక అలికిడైతే తిరిగి చూశాను. ఉత్త కాళ్లతో పెద్దబాపు, చంకలో కాగితాల చుట్ట.

"ఏంది బిడ్డా, నీలం కొడ్తాంది?" అని తెర వైపు కళ్లు చికిలించాడు.

"రంగులు సక్కగ పడుతున్నయా లేదా అని సూస్తున్న, పెద్దబాపూ."

"సూడు సూడు. నేను జరసేపాగి వస్త."

బయట ఎవరితోనో అంటున్నాడు, "మావోడు రంగులు సూస్తాండు, లోపలికి పోకుండ్రి" అని. తల కొట్టేసినట్టయింది. అయినా ఆట ఆపానా? ఆపలేదు. ఈ మాట రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

కొన్ని డిజైన్లు ఎక్కించకపోలేదు. కానీ ప్రింటరు లేక అవి తెర మీదే ఉండిపోయాయి. పెద్దబాపు తెర అద్దానికి ముఖం ఆనించి గళ్లు లెక్కపెట్టేవాడు. కళ్లవెంట నీళ్లు కారి వరుస తప్పేది, మళ్లీ మొదలుపెట్టేవాడు. "ఇండ్ల గడి నిలుస్తలేదు బిడ్డా, కాయిదమైతె ఏలు పెట్టి సూద్దును" అనేవాడు. ప్రింటరు రావడానికి పదకొండు నెలలు పట్టింది. అప్పటికి ఆయనకు పగలేదో చీకటేదో తెలియడం తప్ప ఇంకేమీ మిగల్లేదు.

మొదటి డిజైను అచ్చయ్యాక ఆ పెద్ద కాగితం తీసుకుని ఇంటికి పోయాను. ఆయన దాన్ని ఒళ్లో పరుచుకుని అరచేత్తో నిమిరాడు.

"గుర్తులు పడ్డయా, రంగులు పడ్డయా?"

"గుర్తులే, పెద్దబాపూ."

"గుర్తులు సాలు గద బిడ్డా. ఆనాడు మీటింగులనే అందామనుకున్న. నల్గుర్ల నీ మాట పోతదని ఊకున్న."

విమానం సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. వంగి కాగితం అంచు సరిచేశాను.

"సదువు మరి. తప్పుంటె నేను జెప్త" అన్నాడు.

చదివాను. చుక్క, చుక్క, అడ్డగీత, కత్తెర. పదకొండో గడి దగ్గర ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆడ చుక్క గాదు కొడుకా, కత్తెర. తప్పు ఎక్కిచ్చినవ్."

"దిద్దుత, పెద్దబాపూ" అన్నాను. నా తప్పుల్లో దిద్దింది ఆ ఒక్క గడే.