ఊడవని జానెడు చోటు

ఫజర్ నమాజు ముగిసి, ఖర్జూరపు తోటలో ఇంకా పిట్ట కూయకముందే వాగిమిన్ చీపురు అందుకునేవాడు. ఎండిన ఖర్జూరపు మట్టల్లోంచి ఈనెలు చీల్చి తనే కట్టుకున్న చీపురు అది. సౌదీలో ఉనైజా ఊరి బయట, పనివాళ్ళ గది ముందు, ఇసుక తప్ప ఊడవడానికేముంది? గాలి వీస్తే మళ్ళీ ఇసుకే. అయినా ఆయన ఊడ్చేవాడు. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టుకుని, వాటి నడుమ నేలంతా సన్నని చారలు పడేట్టు, వెనక్కి వెనక్కి నడుస్తూ, తన అడుగు గుర్తు కూడా మిగలకుండా ఊడ్చేవాడు.

ఒక్కచోట మాత్రం చీపురు ఆగేది. జానెడు చోటు. దాని చుట్టూ తిప్పి ఊడ్చేవాడే గానీ దాన్ని తాకేవాడు కాదు.

ఆ వేళకే మస్తాన్ వలీ పికప్ బండి తీసుకుని తోటకు వచ్చేవాడు. కాయలూ కూరగాయలూ బజారుకు చేర్చడం అతని పని. జమ్మలమడుగు పక్క పల్లెటూరివాడు, ఊరి బడిలో చదివిన చదువు, వేళ తప్పని నమాజు. ఒక ఉదయం, దుమ్ము ఇంకా గాలిలో వేలాడుతుండగా, బండి దిగి చూస్తే వాకిట్లో ఇద్దరు కనిపించారు. ఒకరు ఊడుస్తున్నారు. ఒకరు కదలకుండా పక్కన నిలబడి ఉన్నారు. కొత్త పనివాడు వచ్చాడేమో అనుకుని సలాం చెబుతూ దగ్గరికి వెళ్ళాడు. తీరా అక్కడున్నది వాగిమిన్ ఒక్కడే.

“ఇంకొగాయన యాడికి పోయినాడు చాచా?” అని అడిగాడు మస్తాన్.

వాగిమిన్ చీపురు ఆపి ఆ జానెడు చోటు వైపు చూసి, “కనవడ్డడా నీకు?” అన్నాడు. మళ్ళీ ఊడవసాగాడు. మస్తాన్ మనసులోనే భయం పోగొట్టే ఆయతుల్ కుర్సీ చదువుకుని బండిలో సామాను ఎక్కించుకున్నాడు.

వాగిమిన్ ఇండోనేషియాలోని జావా దీవివాడు. వొనొగిరి వైపు కొండల కింద, మెట్లు మెట్లుగా వరి పండే పల్లె ఆయనది. వయసులో వచ్చి ఈ తోటలోనే ముసలివాడయ్యాడు. ఆయన తెలుగు మాట్లాడతాడంటే కొత్తవాళ్ళు నమ్మరు. జగిత్యాల పక్కనుంచి వచ్చిన ఎల్లన్న అనే ఆయనతో ఏళ్ళతరబడి ఒకే గదిలో ఉండి, ఒకే కుండలో వండుకుని, ఆ తెలుగునే పట్టుకున్నాడు. ఎల్లన్న ఇంటికి వెళ్ళిపోయి చాలాకాలమైంది. ఆయన మాట మాత్రం ఈ జావా ముసలాయన నోట్లో ఉండిపోయింది. అందుకే మస్తాన్ సీమ యాసలో ఏదైనా అంటే, “గట్ల గాదు బిడ్డా, తెలుగుల చెప్పు” అనేవాడు. పక్కనున్న లింబాద్రి పడీపడీ నవ్వేవాడు.

లింబాద్రిది కూడా జగిత్యాల వైపే. తోటకు నీళ్ళు పెట్టేవాడు. నోరు ఊరుకోదు. “ఏం కాకా, గా జాగల ఎవలన్న కూసున్నరా ఏంది? చీపురు తాకితె లేసి కొడ్తరా?” అని రోజూ ఒకసారైనా అడగాల్సిందే.

“తమ్ముడు,” అనేవాడు వాగిమిన్.

ఆ తమ్ముడి మాట అందరికీ పాతదే. ఊరి సంగతి వస్తే చాలు, తమ్ముడు. “ఊర్ల తమ్ముడున్నడు. నా జాగ ఆడే చూస్తడు. ఆడు యాడికి పోడు.” అమ్మానాన్నా పోయాక కొండమీది వరిమడులు అక్కకు వచ్చాయి. కొబ్బరిచెట్లూ పనసచెట్టూ ఉన్న ఇంటిస్థలం, తల్లి కడుపున ఆఖరున పుట్టాడు కనుక, వాళ్ళ ఊరి పద్ధతి ప్రకారం వాగిమిన్‌కు వచ్చింది. అక్క కూతురు లస్త్రి అందులో కాపురముంటోంది. తమ్ముడు కూడా అక్కడే ఉన్నాడు. ఇదీ వాళ్ళకు తెలిసిన కథ; తమ్ముడుండగా ఈయన ఆఖరివాడెలా అయ్యాడని ఎవరికీ తోచలేదు.

ఆ తమ్ముడంటే మస్తాన్‌కు లోలోపల కోపం. ఒక్కనాడైనా ఫోన్ చేసింది లేదు, అన్న ఎలా ఉన్నాడని అడిగింది లేదు. మస్తాన్ ఇక్కడ బండి తోలుకుంటూ ఉండగానే, ఊళ్ళో అతని అన్నదమ్ములు ఇల్లు పంచుకుని గోడలు లేపారు. ఒక్క మాట చెప్పలేదు. అందుకని ఏ తమ్ముడి పేరు విన్నా అతనికి ఆ గోడలే కళ్ళముందు నిలిచేవి.

ఇంతమంది సౌదీవాళ్ళకు పని ఇవ్వాలన్న నితాకత్ చట్టం వచ్చాక, ఆ లెక్క తప్పిన తోట యజమాని అబూ తుర్కీ సంస్థ ఎర్ర రంగులో పడింది. ఆ తర్వాత పనివాళ్ళమీద సర్కారుకు కట్టే లెవీ పెరిగింది. తోటలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆ దేశంలో ఉండడానికిచ్చే కార్డు, వాగిమిన్ ఇఖామా, గడువు తీరిపోయింది. లెవీ కట్టనిదే అది కొత్తది కాదు. ఇఖామా లేనిదే ఇంటికి పోవడానికి ఖురూజ్ ముద్ర పడదు. అబూ తుర్కీ చెడ్డవాడు కాదు. వాళ్ళింట్లో గోధుమనూకతో వండిన జరీష్ గిన్నె ప్రతి శుక్రవారం పనివాళ్ళ గదికి వచ్చేది. కానీ వాగిమిన్ ఎదురుపడితే ఆ పెద్దమనిషి కళ్ళు దించుకుని, “సబుర్, సబుర్” అని ఓపిక పట్టమంటూ తొందరగా దాటిపోయేవాడు.

ఆ రోజుల్లోనే లస్త్రి నుంచి కబురు వచ్చింది. ఊరంతా ఇటుక ఇళ్ళు కట్టుకుంటున్నారు, మేమూ పాతది విప్పేసి కడుతున్నాం, వచ్చే వారం పునాది తవ్వుతాం అని. ఆ కబురు విన్నప్పటినుంచి వాగిమిన్ అన్నం సరిగ్గా తినలేదు. నిద్రలో లేచి కూర్చుని ఎవరితోనో మాట్లాడుతున్నాడని లింబాద్రి చెప్పాడు. పొద్దున ఊడుస్తూ ఊడుస్తూ ఆ జానెడు చోటు దగ్గర కూలబడిపోతున్నాడని కూడా.

మస్తాన్‌కు కోపం ఆగలేదు. “ఇంత జరుగుతావుంటే నీ తమ్ముడు ఏం చేస్తాండాడు చాచా? నీ జాగాలో గోడ లేపుతావుంటే నోట్లో బెల్లం పెట్టుకున్యాడా? ఫోన్ నెంబరియ్యి. నేను మాట్లాడతా ఆయప్పతో.”

వాగిమిన్ వింతగా చూశాడు. “ఫోనా? ఎట్ల ఎత్తుతడు? తమ్మునికి చేతులు లెవ్వు బిడ్డా.”

మస్తాన్ జేబులోంచి తీసిన ఫోన్‌ను కిందికి దించాడు.

“నోరు గూడ లేదు. మన్నుల ఉన్నడు.”

“ఇన్నాలిల్లాహి! ఎప్పుడు పోయినాడు చాచా? మాకు చెప్పనే లేదే!”

“పోలే. నాతోటే వచ్చిండు. నేను ముందుగాల, ఆడు ఎన్క. నేను ఏడ్చిన, ఆడు ఏడ్వలే. అమ్మ కుండల వెట్టి, పసుపు, ఉప్పు, పూలు వెట్టి, దర్వాజకు కుడిపక్క పాతింది. దీపం వెట్టింది.”

బావి దగ్గర పైపు చుడుతున్న లింబాద్రి చేతిలోది వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. “ఓరి దేవుడా! వలీ భాయ్, కాక జెప్పేది మాయ గురించి! బిడ్డ పుట్టినంక వడే మాయ!”

అప్పుడు గానీ అర్థం కాలేదు. వాళ్ళ ఊళ్ళో దాన్ని తోబుట్టువు అనే అంటారట. బిడ్డ వెనకాల పుట్టేది కనుక తనకన్నా చిన్నది. ఒకప్పుడు ఎల్లన్నను అడిగాడట, ఒక్క తల్లి కడుపున నా తర్వాత పుట్టినోణ్ణి మీ భాషలో ఏమంటరని. తమ్ముడు అంటరని చెప్పాడట ఎల్లన్న. అదే మాట ఇన్నేళ్ళుగా.

“ఇల్లు లస్త్రినే ఉంచుకోమను,” అన్నాడు వాగిమిన్. “చెట్లు గూడ ఉంచుకోమను. గోడ కింద తమ్ముణ్ణి తొక్కద్దు. ఆడు ఆ జాగల ఉన్నంత సేపే నేను ఆ ఊరోణ్ణి. పార తగిలి లేస్తె ఆడు ఎటు పోతడు? నన్ను ఎతుక్కుంట వస్తడు. ఇంత దూరం ఎట్ల వస్తడు?”

దుమ్ములో పక్కన నిలబడ్డ మనిషి మస్తాన్‌కు గుర్తొచ్చాడు.

“దర్వాజకు కుడిపక్క తవ్వద్దని చెప్తె ఐపాయె గద కాకా,” అన్నాడు లింబాద్రి.

ఐపోదు. చిన్నప్పుడు ఆ ఇల్లు అక్కడ లేదు. వాళ్ళవి చెక్క ఇళ్ళు. అక్క పెళ్ళప్పుడు ఊరి మగవాళ్ళంతా కలిసి ఇంటిని ఉన్నపళంగా భుజాలకెత్తుకుని, కొత్త దారివైపు తిప్పి పెట్టారు. వాకిలి మారింది. పాత వాకిలి ఎక్కడుండేదో తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు, వాగిమిన్ తప్ప. అందుకే ఈ నాలుగు రాళ్ళు. ఇది ఆయన ఇంటిస్థలం. మూలనున్న పాడైపోయిన నీళ్ళమోటారు వాళ్ళింటి రాతిరోలు. అడుగులతో కొలుచుకుని, మరిచిపోతానేమోనన్న భయంతో, రోజూ ఊడ్చి చూసుకుంటున్నాడు.

మర్నాడు తెల్లవారుతూండగానే మస్తాన్ తన ఫోన్‌లో బొమ్మ కనిపించేట్టు లస్త్రికి కలిపాడు. ఇక్కడ వెలుగు అప్పుడే పడుతోంది, అక్కడ పొద్దెక్కింది. పచ్చని పెరడు, ఎర్రమట్టి, కొబ్బరిచెట్ల మధ్య తలకు గుడ్డ కట్టుకున్న ఆడమనిషి. ఆమె రాతిరోలు దగ్గర నిలబడింది. వాగిమిన్ మోటారు దగ్గర నిలబడ్డాడు. బిస్మిల్లా అని అడుగు వేశాడు. ఆమె కూడా వేసింది. ఈయన ఇసుకలో, ఆమె మట్టిలో. మస్తాన్ ఫోన్‌ను ఆయన పాదాలకు చూపిస్తూ వంగి వంగి పక్కనే నడిచాడు.

జానెడు చోటు దగ్గర వాగిమిన్ ఆగాడు. ఆమె ఆగి, కూర్చుని, చిన్న పారతో మెల్లగా మట్టి తీసింది. ఏమీ లేదు. ఇంకొంచెం తీసింది. నత్తగుల్లలు వచ్చాయి, వేర్లు వచ్చాయి. పక్కన తీసింది. అక్కడా లేదు.

వాగిమిన్ వంగి తన ముందున్న ఇసుకను తడిమాడు. “లేడు. ఆడు లేచి పోయిండు. నేనొస్తలేనని పోయిండు.”

ఎప్పుడూ నవ్వే లింబాద్రి ఆ రోజు నవ్వలేదు. మూలరాళ్ళ వైపు చూస్తూ నిలబడి, “కాకా, ఎల్లన్న ఉన్నప్పుడు గీ రాయి నల్లా కాడ ఉంటుండె గద? గిక్కడికెట్ల వచ్చింది?” అన్నాడు.

మస్తాన్ తలతిప్పి తన బండి వైపు చూశాడు. నల్లాకూ ఆ రాతికీ నడుమ ఉన్నది అతని బండే. తోటలో అక్కడొక్కచోటే ఎండాకాలం నీడ పడుతుంది. వచ్చిన కొత్తలో రాతికి అవతలే ఆపేవాడు. నీడ కోసం ఒక ఏడు కొంచెం, మరో ఏడు ఇంకొంచెం లోపలికి జరిగాడు. చక్రం తగిలినప్పుడల్లా రాయి లోపలికి జరిగింది. ముసలాయన ఒక్కమాట అనకుండా ఆ రాయి వెంబడి తన పెరటినంతా లోపలికి జరుపుకున్నాడు. చివరికి తమ్ముణ్ణి కూడా.

తన వాటాలోకి గోడ జరిపిన అన్నదమ్ముల్ని తలుచుకుని ఎన్నిసార్లు పళ్ళు కొరుక్కున్నాడో! మస్తాన్ బండి తీసి గేటు దగ్గర పెట్టి వచ్చాడు. చేతులతోనే రాయి ఎత్తి నల్లా పక్కన పెట్టాడు. “మల్లా నడువు చాచా. ఈసారి నీ జాగాలో నడువు.”

వాగిమిన్ మళ్ళీ మోటారు దగ్గరికి వెళ్ళాడు. మళ్ళీ నడిచాడు. ఈసారి జానెడు చోటు దాటి, బండి టైర్ల గుర్తుల మీదికి వచ్చి ఆగాడు. అక్కడ లస్త్రి అరటిపిలకల మొదట్లో ఆగింది. పార పక్కన పెట్టి వేళ్ళతో మట్టి తీసింది. ఒక కుండపెంకు అంచు కనిపించింది. దాని పక్కనే, నూనె మరకతో నల్లబడిన చిన్న ప్రమిద.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏదో అంది. ఆ భాష మస్తాన్‌కు తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఆమె మట్టిని తిరిగి కప్పి, దానిమీద ఒక వెదురుబుట్ట బోర్లించింది. వెనకనుంచి ఆమె మొగుడు వచ్చి, పునాది కోసం నేలమీద లాగిన సున్నపు గీతను కాలితో చెరిపి, ఇవతలికి కొత్త గీత గీశాడు. ఎవరూ అడగకుండానే.

ఫోన్ పెట్టేశాక లింబాద్రి చాయ్ కాచి తెచ్చాడు.

“యాలబ్బా చాచా, ఒక్క మాట చెప్పింటే బండి తీసేవాణ్ణి గదా?” అన్నాడు మస్తాన్.

“నీడ గావాలె గద బిడ్డా. ఎండల తిరుగుతవ్. బండిల కాయగూరలుంటయ్, వాడిపోతయ్.”

మర్నాడు మస్తాన్ బండిని గేటు దగ్గరే వదిలి నడిచి లోపలికి వచ్చాడు. చీపురు చప్పుడు వినిపిస్తోంది. ఊడ్చిన వాకిలి నల్లా దాకా పరుచుకుని ఉంది. జానెడు చోటు దాని అసలు చోటికి వెళ్ళింది. ఖురూజ్ సంగతి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. వాగిమిన్ ముఖంలో ఆ దిగులు లేదు. మస్తాన్‌కే రాత్రంతా నిద్ర పట్టలేదు. కళ్ళు మూస్తే తన ఊళ్ళో, అన్న పోయించిన సిమెంటు నేల కింద, ఎవరో తడుతున్నట్టు ఉంది. ఆ మాట పైకి చెప్పడానికి సిగ్గుపడ్డాడు. అయినా ముసలాయన దగ్గర దాచలేక చెప్పేశాడు.

వాగిమిన్ నవ్వలేదు. చీపురు గోడకు ఆనించి, అతని చెయ్యి పట్టుకున్నాడు.

“బిడ్డా, నాకొక పని చేసి పెడ్తవా?”

“చెప్పు చాచా.”

“మీ అమ్మ ఖాజాబీకి ఫోన్ చెయ్యి. గోడల ముచ్చట అడగకు. నీ తమ్ముణ్ణి యాడ వెట్టిందో అడుగు. దర్వాజకు ఏ పక్క, ఎంత దూరం, మంచిగ అడిగి వచ్చి నాకు చెప్పు. నీ బండి తీసిన జాగ ఖాళీగ ఉన్నది. ఆడ గూడ జానెడు వదిలి ఊడుస్త.”