బానెట్ మీద ఆరిన గంధం

నిన్న తిరువళ్లూరులో కారు పెయింటుకు కోటింగ్ వేయించడానికి వెళ్తే, షాపతను బానెట్ తడిమి అడిగాడు.

"పూజకు గంధం పెట్టించినారా అక్కా? ఎండకు ఆరితే మచ్చ పడతాది."

లేదన్నాను. నేనెప్పుడూ పెట్టించను.

మన ఈడువాళ్లకు గుర్తుందా, తిరుత్తణి కొండ మీద కార్లకు పూసే ఆ చల్లటి గంధం? మా నాయన ఒక అయ్య దగ్గర డ్రైవరు. పూజ కాగానే, నల్ల అంబాసిడర్ మీది గంధం ఆరకముందే తడిగుడ్డతో తుడిచేసేవాడు. ఒకసారి కొండ దిగి వచ్చి జ్వరంతో పడుకున్నాడు. కారు మా వీధిలో ఎండకు ఉండిపోయింది, గంధం ఆరి మచ్చ కట్టింది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. నాయనకు సాయం చేద్దామని, అమ్మ ఇత్తడి దీపాలు తోమినట్టే కొబ్బరి పీచుకు విభూతి అద్ది రుద్దాను. కర్పూరం వాసన వస్తోంది, బానెట్టంతా గీతలు పడుతున్నాయి.

"ఎవుడు జేసినాడురా ఇది?" అన్నాడు అయ్య.

"నేనే అయ్యా, తెలీక రుద్దినాను," అన్నాడు పదేళ్లుగా ఆ కారు తుడిచిన నాయన. నా వైపు చూడలేదు.

ఆ పూటే పని పోయింది. ఆవడిలో గోడౌనుకు వాచ్‌మన్‌గా చేరిన నాయన మళ్లీ స్టీరింగు పట్టలేదు.

నెల తిరగకముందే అయ్య కొత్త కారు కొన్నాడు. పాతదాన్ని ఇనుప సామాన్లవాడికి తోలేశాడు.