కళ్లు మూసుకోనిచ్చే మనిషి

బాపట్ల నుంచి తెనాలి వైపు ప్యాసింజరు ఉదయం ఆరూ ఇరవైకి. నేను ఐదున్నరకే స్టేషన్‌లో ఉన్నాను. రైలు నన్ను వదిలేసి పోతుందన్న భయం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఇంతవరకూ ఏ రైలూ వదిలేసి పోలేదు, అయినా భయం పోలేదు. రాత్రి పది తర్వాత ఏమీ తినలేదు. డాక్టరు చెప్పిన నియమం అది.

వెళ్తున్నది తెనాలిలో ఒక మానసిక వైద్యుల ఆసుపత్రికి, కెటమిన్ వైద్యం రెండో విడతకి. ఇదే వైద్యానికి ఎవరైనా బయల్దేరేవాళ్లుంటే పనికొస్తుందని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఎనిమిదేళ్లుగా నాకు డిప్రెషన్. కాలేజీ లైబ్రరీలో అందరికీ పుస్తకాలు అందించే ఉద్యోగం చేస్తూ, ఒక్క పుస్తకం కూడా తెరవబుద్ధి కాని స్థితి. మందులు నాలుగుసార్లు మార్చారు. చివరికి డాక్టరమ్మ ఈ మాట చెప్పింది. ఆపరేషన్లలో మత్తుకిచ్చే మందే, తక్కువ మోతాదులో సెలైన్‌తో నలభై నిమిషాలు ఎక్కిస్తారు. మత్తు డాక్టరు పక్కనే ఉంటాడు. మొత్తం ఆరు విడతలు. ఒకటే షరతు. తోడు మనిషి లేకపోతే సూది పెట్టరు. ఆ మనిషి గదిలో మన పక్కనే నిశ్శబ్దంగా కూర్చోవాలి, మర్నాటి దాకా మనల్ని వదలకూడదు.

నేను ఒంటికాయ శొంఠికొమ్ముని. పెళ్లి చేసుకోలేదు. కాలేజీలో నడుం నొప్పి అని చెప్పి సెలవులు పెడుతున్నాను. అసలు సంగతి తెలిసింది రేపల్లెలో ఉన్న మా అక్కకీ, బావకీ మాత్రమే. అందుకని తోడు కోటేశ్వరరావు బావే.

అప్పికట్ల దాటాక ఎదుటి సీట్లో ఉన్నావిడ టిఫిన్ డబ్బా విప్పింది. చీరాల నుంచి చీరల మూటలతో తెనాలి వెళ్తోంది. ఇడ్లీ, కారప్పొడి వాసన పెట్టెంతా నిండింది.

"ఏంటి బాబాయిగారూ, అట్టా చూస్తా కూర్చున్నారు? ఓ రెండు తీసుకోండి."

"వద్దమ్మా. నడుం నొప్పికి ఇంజెక్షన్. ఖాళీ కడుపుతో రమ్మన్నారు."

"నడుం నొప్పికి ఖాళీ కడుపెందుకండి?"

కిటికీ వైపు తిరిగి పొలాలు చూస్తున్నట్టు నటించాను. నిడుబ్రోలులో మసాలా వడల గంప కూడా ఎక్కింది. పస్తుతో వెళ్లేవాళ్లు ఈ రైల్లో తలుపు దగ్గర నిలబడటం మంచిది, గాలికి వాసన తెలియదు.

పోయిన శుక్రవారం జరిగిన మొదటి విడత గురించి ఇక్కడే చెప్పాలి. మందు ఎక్కడం మొదలై, ఒళ్లు తేలికై, నేను కళ్లు మూసుకున్నాను. వెంటనే బావ నా భుజం పట్టుకుని కుదిపేశాడు.

"ఒరే రత్నం! కళ్లు తెరువు! నేనెవర్ని? మీ అక్క పేరేంటి? మన గేదె పూటకెన్ని లీటర్లిస్తది?"

సిస్టర్ వచ్చి మందలించింది. రెండు నిమిషాలు ఊరుకున్నాడు. మళ్లీ కుదిపాడు. ఈసారి చెంప మీద చిన్నగా కొట్టాడు కూడా. ఆ మందు లోపల ఉన్నప్పుడు మనం ఎక్కడికో వెళ్తూ ఉంటాం. అలాంటప్పుడు ఎవరో జుట్టు పట్టుకుని వెనక్కి లాగుతుంటే ఎలా ఉంటుందో అనుభవిస్తేగానీ తెలియదు. భయంతో ఏడ్చాను, వాంతి చేసుకున్నాను. మధ్యలోనే ఆపేశారు. డాక్టరమ్మ నన్ను ఒక్కణ్నే పిలిచి, "ఈసారి ఇంకొకర్ని తీసుకురండి. లేకపోతే ఇది కొనసాగించడం కష్టం" అంది.

ఇంకొకరెవరు? అక్క చేతికి తప్ప గేదె పాలివ్వదు, ఆమె ఇల్లు కదలడానికి లేదు. మిగతా ఎవరికీ చెప్పలేదుగా. ఆ రెండు రోజులూ బావ మీద ఒళ్లు మండిపోయింది. ఆదివారం అక్క ఫోన్ చేసింది.

"సాంబడు ఎట్టా పోయాడో నీకు తెలుసా?"

సాంబశివరావు బావ తమ్ముడు. పాము కాటుకి పోయాడని తెలుసు. అక్క పెళ్లికి ముందే జరిగిన సంగతి. మిగతాది ఆరోజే విన్నాను. భట్టిప్రోలు దగ్గర పొలంలో చీలమండ మీద కాటేసిందట. ట్రాక్టరు మీద రేపల్లె తీసుకొస్తున్నారు. మా వైపు పాము కరిచినవాణ్ని నిద్రపోనివ్వరు. గిల్లుతారు, నీళ్లు కొడతారు, ఏదో ఒకటి అడుగుతూ మాట్లాడిస్తారు. తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని ఆ పని చేస్తున్నది బావే. అప్పటికాయనకి ఇరవై రెండేళ్లు. ఊరు పొలిమేరకి వచ్చాక సాంబడు, "అన్నా, ఒక్క నిమిషం పడుకుంటానే" అన్నాడట. బావ సరేనన్నాడు. అంతే.

"నిద్రపోనిచ్చినందుకు పోలేదు, విషానికి పోయాడని డాక్టర్లు చెప్పినా ఆయనకెక్కదురా," అంది అక్క. "మళ్లీ తనే వస్తానంటున్నాడు. నీ ఇష్టం."

కోపం పోయింది. భయం మాత్రం పోలేదు. బావ వల్ల కాకపోతే నా వైద్యం ఆగిపోతుంది. ఆగిపోతే ఆ తర్వాత ఏమిటన్నది ఆలోచించే ధైర్యం నాకు లేదు.

ఏడూ ముప్పయ్యైదుకి తెనాలిలో దిగాను. చీరలావిడ మూటలు దించుకుంటూ, "నడుం జాగ్రత్తండి బాబాయిగారూ" అంది నవ్వుతూ. రేపల్లె బండి ఎనిమిదింటికి వచ్చింది. బావ గుడ్డసంచీతో దిగాడు. గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకుని, పెళ్లిచూపులకి వచ్చినవాడిలా ఉన్నాడు.

"టిఫిన్ చేశావా బావా?"

"నువ్వు తినకుండా నేనెట్టా తింటాన్రా? మీ అక్క పెరుగన్నం కట్టింది. అయ్యాక ఇద్దరం తిందాం."

ఆటోలో కాలవ వంతెన దాటి ఎనిమిదిన్నరకి ఆసుపత్రికి చేరాం. బావని చూడగానే డాక్టరమ్మ మొహం మారింది.

"మళ్లీ మీరేనా?"

"ఈసారి నోరెత్తనమ్మా. ఎత్తితే బయటికి పంపెయ్యండి."

"ఆయన ఊపిరీ గుండే అన్నీ మిషన్ చూస్తుంటుంది. కళ్లు మూసుకోనివ్వాలి. అక్కడే ఉంది విషయమంతా."

బావ నేల చూపులు చూస్తూ అడిగాడు. "కళ్లు మూసుకున్నాక మనిషి ఉన్నాడని నాకెట్టా తెలుస్తదమ్మా? మిషన్ నాకు చదవడం రాదు."

ఆమె విసుక్కుంటుందనుకున్నాను. విసుక్కోలేదు. "చెయ్యి పట్టుకుని కూర్చోండి," అంది.

తీరా చూస్తే ఎడమ చేతికి సెలైన్ సూది, కుడి చేతికి బీపీ పట్టీ, వేలికి క్లిప్పు. పట్టుకోవడానికి చెయ్యే మిగల్లేదు. బావ మంచం చుట్టూ ఓసారి తిరిగి, స్టూలు లాక్కుని నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. నా కుడి పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

నేను కాలు వెనక్కి లాక్కున్నాను. నాకన్నా తొమ్మిదేళ్లు పెద్దవాడు, అక్క మొగుడు, నా కాళ్లు పట్టుకోవడమేమిటి? "తప్పు బావా. నువ్వు పెద్దోడివి. నాకు ఆయుక్షీణం."

"నోరు మూసుకుని కళ్లు మూసుకోరా," అన్నాడు బావ.

తొమ్మిదీ ఇరవైకి మందు మొదలైంది. కొంతసేపటికి పెదవులు తిమ్మిరెక్కాయి. గోడ గడియారం చప్పుడు దూరమైంది. తర్వాత చేతులు లేవు, నడుం లేదు, పేరు కూడా ఉన్నట్టు లేదు. పోయినసారి ఇక్కడే భయం పట్టుకుంది. ఈసారీ మొదలవబోయింది. కానీ ఎక్కడో చాలా కింద ఒక చోట వెచ్చగా ఉంది. అది నా పాదమని తెలియదు, పట్టుకున్నది బావ అని తెలియదు. ఆ వెచ్చదనం దగ్గరికి తిరిగి రావచ్చని మాత్రం తెలుసు. అందుకని వెళ్లాను. ఎక్కడికంటే చెప్పలేను. ఎనిమిదేళ్లుగా గుండె మీద ఉన్న బరువు అక్కడ లేదు. అది లేకుండా కూడా నేను ఉండగలనని చూశాను.

పదీ పదికి కళ్లు తెరిచాను. బావ అలాగే కూర్చుని ఉన్నాడు. చొక్కా వీపంతా చెమట. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆయన వేళ్ల గుర్తులు నా పాదం మీద అచ్చు దిగి ఉన్నాయి.

"ఒక్క మాట మాట్లాడలేదండి," అంది సిస్టర్. "చెయ్యి కూడా తియ్యలేదు."

పన్నెండున్నర దాకా అక్కడే పడుకోబెట్టారు. లేచి నడిస్తే కాస్త తూలుతుంది, మెట్ల దగ్గర తోడు మనిషి భుజం తప్పనిసరి. బయట బల్ల మీద కూర్చుని పెరుగన్నం, మాగాయ తిన్నాం. మాగాయ పుల్లగా ఉందని నాకు తెలిసింది. రుచి తెలిసి ఎన్నాళ్లయిందో.

రెండున్నరకి రేపల్లె బండి ఎక్కాం. రాత్రికి అక్క ఇంట్లో ఉండి, రేపు పొద్దున బస్సులో బాపట్ల వెళ్లాలి. ఇంకా నాలుగు విడతలున్నాయి. జబ్బు నయమైందని రాయను, అది డాక్టరమ్మ తేల్చాల్సిన సంగతి. ఈ వైద్యానికి వెళ్లేవాళ్లకి నేను చెప్పగలిగేది ఒకటే. మాట్లాడే మనిషి కాదు, పట్టుకుని ఊరుకునే మనిషి కావాలి. అలాంటివాళ్లు ముందే తయారై దొరకరు. మనకున్నవాళ్లే కష్టపడి అలా అవుతారు.

వేమూరు దాటాక బావ కిటికీలోంచి చూస్తూనే అన్నాడు.

"వేడిగానే ఉందిరా నీ కాలు. చివరిదాకా వేడిగానే ఉంది."

"ఊఁ," అన్నాను.

కాసేపటికి ఎదుటి సీట్లో తల వాల్చి, కాళ్లు నా సీటు మీదికి చాపి నిద్రపోయాడు. ఎన్నో ప్రయాణాలు చేశాం కలిసి. ఆయన బండిలో కన్ను మూయడం నేనెప్పుడూ చూడలేదు. భట్టిప్రోలు దగ్గరపడుతుంటే ఖాళీ కూరగాయల గంపతో ఉన్న పెద్దావిడ లేచింది.

"బట్టిపోలు వచ్చేస్తంది నాయనా. ఆయన్ని లేపు."

"రేపల్లె దాకా అండి. పడుకోనివ్వండి."

"ఒంట్లో బాలేదా ఏంటి ఆయనకి?"

నడుం నొప్పి అన్న మాట అలవాటుగా నాలిక చివరికి వచ్చింది. మింగేశాను.

"బాలేనిది నాకండి. మనసు బాగోక తెనాలిలో వైద్యం చేయించుకుంటున్నాను. ఆయన నాకు తోడొచ్చాడు."

ఆమె నన్నోసారి, గురక పెడుతున్న బావనోసారి చూసి, "మంచిది నాయనా" అని దిగిపోయింది. బండి కదిలింది. బావ పాదం నా పక్కనే ఉంది, మడమ నిండా పొలం పగుళ్లు. దాని మీద చెయ్యి వేశాను. ఈసారి తప్పు కూడా లేదు, చిన్నవాణ్ని నేనే కదా. రేపల్లె దాకా తియ్యలేదు.