మా కుక్కకు రెండో గేటు

మా కుక్క ఇంతవరకూ ఎవరినీ కరవలేదు. దాని గురించి చెప్పుకోదగ్గ మంచి అదొక్కటే. మిగతాదంతా నలభై కిలోల బరువు. "ఇంతకన్నా పెరగదు" అని చెప్పి పిల్లగా ఉన్నప్పుడు మాకు ఇచ్చిన మావారి సహోద్యోగి ఆ తర్వాత బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. రెండింటికీ సంబంధం లేదనే అనుకుంటున్నాను.

టాటానగర్‌లో బారిడీహ్ పేట‌లో మేముండేది అద్దె ఇల్లు. చుట్టూ కాస్త ఖాళీ జాగా, నడుమెత్తు ప్రహరీ గోడ, ఒక ఇనప గేటు. అద్దెకిచ్చిన ఇంటావిడ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై పక్కపేట సిద్ధగోరాలో ఉంటుంది. ఒకరోజు నీళ్ళ ట్యాంకు చూడ్డానికి వచ్చి గేటు తీసింది. మా కుక్క బయటికొచ్చి, ముందుకాళ్ళు రెండూ ఆవిడ భుజాల మీద వేసి, మొహం శుభ్రం చేసింది. దాని దృష్టిలో అది మర్యాద.

"ఇంకోసారి ఇది గేటు బయట కనిపించిందా, దీన్ని పంపించెయ్యాలి. నేదంటే దీంతోపాటు మీరూ ఎల్లిపోవాలి," అంది ఆవిడ, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "గోడ మీద ఒక్క ఇటుక పెట్టడానికి కూడా నానొప్పుకోను."

అంటే గోడ మీదుగా మాకు కావలసిన కంచె చవకగా ఉండాలి, గట్టిగా ఉండాలి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఊడదీసుకుని పోయేలా ఉండాలి. మావారు ఈ బాధ్యత తీసుకున్నారు. టేపు పట్టుకుని కుక్క ఎత్తు కొలిచారు. అది నిలబడితే ఎంతో, కాళ్ళు పైకి పెడితే ఎంతో, బిస్కెట్టు చూపిస్తే ఎంతో విడివిడిగా రాసుకున్నారు. మూడు ఆదివారాలు జుగ్సలాయి బజారు గోడౌన్ల చుట్టూ తిరిగి నమూనాలు మోసుకొచ్చారు.

వెదురు దడి అన్నిటికన్నా చవక. నమూనాగా తెచ్చిన ముక్కను కుక్క మధ్యాహ్నానికల్లా తినేసింది. రేకులు గాలికి మోగుతాయి, మోగినప్పుడల్లా ఇది మొరుగుతుంది, ఇది మొరిగితే వీధి మొత్తం మొరుగుతుంది. డైమండు కన్నాల జాలీ బాగానే ఉంది కానీ, దాని కన్నాల్లో కాళ్ళు పెట్టి ఎక్కడం మా కుక్కకు నిచ్చెన కన్నా సులువైంది. చివరికి చిన్న చదరపు కన్నాల వెల్డింగు జాలీ దగ్గర ఆగారు. "హాథీ భీ నహీఁ తోడేగా," ఏనుగు కూడా తెంపలేదు, అన్నాడట దుకాణదారు. మా ఇంట్లో ఏనుగు లేదని చెప్పడానికి మావారు మొహమాటపడ్డారు. ఇప్పుడిక ఎత్తు ఐదడుగులా, ఆరా, ఏడా అన్నది తేలాలి.

ఇదంతా మా నాన్న కుర్చీలో కూచుని చూస్తున్నారు. ఆయన టాటానగర్ దగ్గర రైల్వే గేట్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. అమ్మ పోయాక మా దగ్గరే ఉంటున్నారు. ఎవరైనా అడిగితే తప్ప సలహా ఇవ్వరు. ఎవరూ అడగడం లేదు కాబట్టి ఆ రోజు దగ్గారు.

"ఏటి బాబూ, ఇంతకీ ఇది ఎన్నిమార్లు బయటికెల్లింది?"

"మూడుసార్లు మావయ్యా."

"గోడ దూకిందా?"

మావారు ఆలోచించారు. "లేదు. ఒకసారి గ్యాసు బండ తెచ్చినవాడు గేటు తీశాడు. ఒకసారి మీ అమ్మాయి. మూడోసారి ఇంటావిడే."

"మరైతే గోడనెందుకు కొలుత్తన్నారు?"

మావారు చేతిలోని టేపు చుట్టేశారు. కుక్క తోకాడించింది.

ఐదడుగుల జాలీయే చాలని తేలిపోయింది. గోడకు లోపలివైపు ఇనప స్తంభాలు పాతి, బోల్టులతో బిగించారు. కింద గోడ ఎలాగూ ఉంది కాబట్టి తవ్వుకుని పోయే భయం లేదు. ఎత్తు తగ్గించగా మిగిలిన డబ్బుతో అదే జాలీ కొని, గేటుకు లోపల నాలుగడుగుల దూరంలో, పక్కలు కూడా మూసి, రెండో గేటు పెట్టించారు నాన్న. రెండింటి మధ్య తన కుర్చీ వేసుకున్నారు. గేట్‌మన్ గుమటీ అన్నమాట, రైలు గేటు పక్కనుండే కాపలా గది లాగా.

"ఒకటి మూసీకుండా రెండోది తియ్యకూడదు. రైలొత్తాదని స్టేషన్నించి ఫోనొత్తే, గేటేసి నంబరు చెప్పీవోణ్ని. నా కళ్ళతో చూసి మూసినాను, పూచీ నాది అని దానర్థం. ఇక్కడా అంతే. లోపలున్నోళ్ళు కుక్క మెడపటకా పట్టుకుని నంబరు చెప్పండి. అప్పుడు తీత్తాను."

"ఏ నంబరు నాన్నా?"

"ఏదైనా ఒకటే. నిన్నటిది మాత్రం చెప్పకు."

వారం తిరక్కుండా పాలవాడితో సహా అందరికీ అలవాటైపోయింది. ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే ఇంటావిడ చెప్పకుండా వచ్చింది. మావారు మాంసం కోసం బజారుకెళ్ళారు. నేను తలంటుకుంటున్నాను. ఆవిడ బయటి గేటు తీసి లోపల అడుగుపెట్టగానే నాన్న వెనకాల గడియ వేసేశారు. కుక్క లోపలి గేటు మీదికి కాళ్ళెత్తి నిలబడి, ఆవిడ మొహానికి ఎదురుగా నాలుక బయటపెట్టింది.

"తియ్యండి, జాలీ ఎలా కట్టారో చూడాలి," అందావిడ.

"నంబరు రావాలమ్మా."

"ఏటా నంబరు? ఈ ఇల్లు నాది!"

"మా రైల్వే పెద్దాపీసరు డీఆర్ఎం గారొచ్చినా ఆపీసినోణ్ని. తమరు కూసోండి," అని తన కుర్చీ చూపించారు నాన్న.

అరుపులు విని నేను తలకు తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి ఆవిడ రెండు చేతులతో జాలీ పట్టుకుని ఊపుతోంది. కుక్క దాన్ని ఆటనుకుని ఒళ్ళంతా వేసి గుద్దింది. జాలీ మోగింది, ఊగింది, నిలబడింది. నేను వెళ్ళి పటకా పట్టుకున్నాను.

"ముప్పై ఏడు," అన్నాను.

"ముప్పై ఏడు," అని నాన్న తిరిగి చెప్పి, బయటి గడియ ఇంకోసారి చూసుకుని, అప్పుడు తీశారు.

ఆవిడ కంచె చుట్టూ ఒకసారి తిరిగింది. యూనిఫాం బొత్తాలు చూసినట్టు ప్రతి బోల్టూ ముట్టుకుని చూసింది. కాఫీ తాగింది. గ్లాసు కింద పెట్టి, నావైపు చూడకుండానే అంది:

"నా సర్వీసంతా వెతికాను గానీ, స్కూలు గేటు దగ్గర ఇలాంటి మనిషి ఒక్కడు దొరకలేదు. కుక్కని ఉంచుకో. మీ నాన్నగారు ఊరెల్తే మాత్రం ముందు నాకు ఫోన్ చెయ్యి."

ఆ నెల నాన్న శ్రీకాకుళంలో ఒక పెళ్ళికి వెళ్ళాల్సి ఉంది. టికెట్టు కూడా తీశాం. రద్దు చేయించమన్నారు. ఎందుకని అడిగితే, డ్యూటీ పడిందన్నారు.