స్ప్రింగులు కోసిన ఎర్ర కారు

మా అమ్మకు, మేం అవ్వ అంటాం, వారానికి రెండుసార్లు డయాలసిస్. బోధన్ దాటి లోపలికున్న మా ఊరి నుంచి నిజామాబాద్ దవాఖానకు బస్సులో పోయి రావడం ఆమె వల్ల కావడం లేదు. ఒక్క రోజు తప్పినా కాళ్లు ఉబ్బుతాయి, ఆయాసం మొదలవుతుంది. అందుకే పాత కారు కొందామనుకున్నాను.

నిజామాబాద్‌లో పాత బండ్లు అమ్మేచోట రెండు కార్లు చూశాను. మోడల్ ఒకటే, ధర కూడా దాదాపు ఒకటే. తెల్లది కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. ఎర్రదానికి వెడల్పు టైర్లు, మెరిసే అల్లాయ్ చక్రాలు, గుర్రుమనే సైలెన్సర్. రేసు కారులా కనబడాలని స్ప్రింగులు కోసి బండిని నేలకు దించారు. నేను వెంట తీసుకుపోయిన కార్ల మేస్త్రి కిందికి వంగి చూసి లేచాడు.

"పైన పటారం, లోన లొటారం. తెల్లది తీస్కో అన్నా. సూస్తానికి సప్పగున్నది గని, మన గుంతల తొవ్వలకు గదే మంచిది."

వింటేగా! తెల్లది నా కళ్లకు రిటైరైన సారు బండిలా కనిపించింది. ఎర్రదాన్ని బైపాస్ మీద ఓ చుట్టు తిప్పేసరికి నా కళ్లు నెత్తికెక్కాయి. "నడిపేటోన్ని నేను, నాకు తెల్వదా?" అని మేస్త్రి నోరు మూయించాను.

ఇంటికి తెచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, అవ్వను ఎక్కించాను. ఆమె నా భుజం పట్టుకుని మెల్లగా సీట్లోకి దిగింది.

"మంచిగనే ఉన్నది బిడ్డా. గని బాయిలకు దిగినట్టున్నది."

బావిలోకి దిగినట్టట! నాకు ఒళ్లు మండింది. "నీకేం నచ్చుతదే అవ్వా!" అన్నాను.

ఎండలు ముదిరి యాసంగి వరి కోతలొచ్చాయి. మా దగ్గర వడ్లు రోడ్డు మీదే ఎండబోస్తాం, సగం రోడ్డు మాదే అన్నట్టు. ఎవరి వడ్ల అంచున వాళ్లు రాళ్లు పెట్టుకుంటారు. ఓ రోజు లారీ ఒకటి నా వడ్లు తొక్కిపోయింది. మండిపడి, చిన్న రాళ్లు తీసేసి పెద్దవి పేర్చాను.

మర్నాడు పొద్దున్నే అవ్వతో దవాఖానకు బయలుదేరాను. ఊరు దాటగానే ఎదురుగా ట్రాక్టర్. పక్కకు తీశాను. కింద ధడేల్‌మని చప్పుడు. దిగి చూస్తే ఇంజన్ కింద ఆయిలుండే చాంబర్ పగిలి అంతా కారిపోతోంది. నా వడ్లు, నేను పెట్టిన రాయి. తెలిసి కూడా "ఎవడు వెట్టిండురా గీ బండలు!" అని అరిచాను. అవ్వ నా మొహం చూసి తల తిప్పుకుంది.

మేస్త్రికి ఫోన్ చేశాను. "కంపెనీ స్ప్రింగులుంటే గా రాయి మీదికెళ్లే పోతుంటివి అన్నా," అన్నాడు. ఫోన్ జేబులో పెట్టి ఆటో వెతకబోయాను.

ఆటో దొరికేసరికి గంట దాటింది. దవాఖానలో అవ్వ వంతు ఇంకొకరికి ఇచ్చేశారు. మధ్యాహ్నం దాకా ఆమె బల్ల మీద ఆయాసపడుతూ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నాకు భయమేసింది. నిజంగా భయమేసింది. చివరికి ఒక మిషన్ ఖాళీ అయింది.

సాయంత్రం తిరిగొస్తుంటే మా వడ్ల దగ్గర అవ్వ ఆటో ఆపమంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"గా రాళ్లు తీసెయ్యి బిడ్డా," అంది. "ఇంకెవలన్న గూడ వాళ్లవ్వను దవాఖానకు తోల్కపోతుంటరు."

ఆటో ఆగే ఉంది. ఒక్కొక్క రాయీ ఎత్తి కాలువ గట్టు మీద పడేశాను.