ఒకటి బదులు పన్నెండు

ఆ ఉదయం మబ్బు కమ్మి ఉంది, గాలి ఆడటం లేదు. తోటపల్లి గూడూరు నుంచి ఒక రొయ్యల రైతు, నేను అక్కా అని పిలిచే ఆవిడ, నెల్లూరులోని మా ఆఫీసుకి ఫోన్ చేసింది. ఆమె పన్నెండు రొయ్యల గుంటల్లో మేం సెన్సర్లు పెట్టాం. ఏ గుంటలో ఆక్సిజన్ తగ్గినా షెడ్డులోని చిన్న పెట్టె ఆ గుంట నంబరుతో ఆమెకి మెసేజ్ పంపుతుంది. ఆ పెట్టెకి ప్రోగ్రాం రాసింది నేనే.

"ఏందమ్మా మీ మిషను, మళ్లీ పన్నెండో గుంటే అంటా ఉంది. ఇందాక నిజమే, నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు ఏసినాను. ఇప్పుడు రొయ్యలు బాగానే తిరగతా ఉండాయి."

"సెన్సర్‌కి పాచి పట్టుంటుందక్కా, ఒకసారి కడగండి."

ఫోన్ పెట్టేశాక కూడా మనసు కుదుట పడలేదు. కోడ్ తెరిచాను. ఆ పెట్టెలో మెమరీ తక్కువ. అందుకని సీ ప్రోగ్రామింగ్ భాషతో వచ్చే ఫంక్షన్లు మానేసి, అక్షరాలు కాపీ చేసే ఫంక్షన్ నేనే రాసుకున్నాను. దాని మీద నాకు కాస్త గర్వం కూడా. సీలో మాట ఎక్కడ ముగిసిందో తెలియాలంటే చివర గుర్తుగా, తెర మీద కనిపించని ఒక సున్నా పెట్టాలి. నా ఫంక్షన్ అక్షరాలు కాపీ చేస్తోంది, సున్నా పెట్టడం లేదు. పాత "12" మీద "1" రాస్తే వెనక "2" అలాగే మిగిలిపోతుంది. టెస్టు చేసినప్పుడు ఒకటి నుంచి పన్నెండు దాకా వరసగా చేశాను. పన్నెండు నుంచి వెనక్కి ఒక్కసారీ రాలేదు.

పన్నెండో గుంట బాగానే ఉందంటే, రెండోసారి వచ్చిన మెసేజ్ ఒకటో గుంటది. వెంటనే ఫోన్ చేశాను.

"అక్కా, ఒకటో గుంటకి పోండి! తగ్గింది అక్కడ!"

"ఒకటా? అది ఆ చివర గదా!"

ఆమె ఫోన్ కట్ చేయకుండానే పరిగెత్తింది. రొప్పు వినిపిస్తోంది. గట్టు ఎంత పొడవో నాకు తెలుసు. ఒక్కసారిగా కేక.

"ఊపిరాడక అన్నీ పైకి తేలినాయమ్మా!"

తర్వాత మోటార్లు తిరిగిన చప్పుడు. నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో తెలియదు.

స్కూటీ మీద వెళ్లేసరికి ఆమె ఒడ్డున చచ్చిన రొయ్యలను వలబుట్టతో ఎత్తి పోస్తోంది. ఆమె అడగకముందే తప్పు నాదేనని చెప్పాను. ఆమె వలబుట్ట కింద పెట్టింది.

"నువ్వు కడగమంటే ఆ పన్నెండో గుంట కాడే కూసోని కడగతా ఉంటినే," అంది.

నేను రాసిన కోడ్ కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. కోడ్ చూడకుండానే కడగమని చెప్పింది నేనే.

షెడ్డులో కూర్చుని సున్నా పెట్టే ఆ ఒక్క లైనూ కలిపాను. ఆమె పక్కనే నిలబడి "పన్నెండు పెట్టు, ఇప్పుడు ఒకటి పెట్టు" అంటూ తన ఫోన్లో ఒక్కో మెసేజూ చదివింది. సాయంత్రానికి గుంట తేరుకుంది. చాలావరకు రొయ్యలు బతికాయి.

పెట్టెను మాత్రం ఆమె తీసేయమనలేదు. కానీ ఆ పంట పట్టుబడి అయి రొయ్యలు అమ్మేదాకా, మెసేజ్ ఏ నంబరుతో వచ్చినా పన్నెండు గుంటలూ చుట్టి వచ్చేది.