డబ్బాలో అంగుళమున్నర వాన

జమ్మలమడుగు బడిలో ఒక సోమవారం వాన రిజిస్టర్లో నేను రాసిన అంకె కొలిచింది కాదు, ఊహించింది. ఆ మాట చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది జూన్‌లో ఆ బడికి సైన్సు అసిస్టెంటుగా వెళ్లాను. వర్షమాపకం బాధ్యత నాదే. ఉదయం ఎనిమిదిన్నరకు అందులోని నీళ్లు కొలజాడీలో పోసి, అంగుళాల్లో, సెంట్లలో రాయాలి. సెంటంటే అంగుళంలో నూరోవంతు. పిల్లలకూ ఇంటిపని ఇచ్చాను. నిటారు అంచుల డబ్బా మిద్దె నడుమ పెట్టి, గాలికి పడకుండా చుట్టూ రాళ్లు పేర్చి, నిలిచిన నీటి లోతు స్కేలుతో కొలవాలి. బాగా రాసిన నోటుబుక్కు పులివెందుల సైన్సు ప్రదర్శనకు పోతుంది. అది ఏడో తరగతి ఓబులమ్మదేనని అందరూ అనుకునేవాళ్లు.

ఆ ఆదివారం సాయంత్రం వాన పడినప్పుడు నేను ప్రొద్దుటూరులో బంధువుల ఇంట్లో ఉన్నాను. మర్నాడు బడికి చేరేసరికి పదకొండు దాటింది. నేను కొలిచేశాననుకుని బంట్రోతు వర్షమాపకం కడిగి బోర్లించాడు. నేల తడి చూసి నలభై సెంట్లని రాశాను.

ఓబులమ్మ అంగుళమున్నర అని రాసింది. డబ్బాలో నువ్వే నీళ్లు పోసి కొలిచావా అని అందరి ముందూ అడిగాను. "లేదు సార్, మా జేజి గూడా చూసింది" అంది. ఆ లెక్కను ఎర్రసిరాతో కొట్టేశాను.

మర్నాడు ఆ జేజి, అంటే వాళ్ల నాయనమ్మ, బడికి వచ్చింది. చేతిలో జానెడు మేర తడిమన్ను అంటిన పుల్ల.

"ఏం సారూ, మా చేన్లో జానెడు పదునెక్కింది. నువ్వు రాసిండే వానకు నాలుగు వేళ్లన్నా దిగుతాదా? మా మిద్దె మీద వేరే దేవుడు కురిపిచ్చినాడా ఏంది?"

పదునంటే నేలలోకి దిగిన తడి. అక్కడి రైతులు వానను కొలిచేది దానితోనే. ఆమె మాట నిజమని ఆ పుల్ల చూడగానే తెలిసింది. అయినా రిజిస్టరే ప్రమాణమన్నాను.

"అయితే ఇత్తనాలు ఆ రిజిస్టర్లోనే ఎయ్యి సారూ" అని వెళ్లిపోయింది.

ప్రదర్శనకు వేరే బుక్కు పోయింది. ఓబులమ్మ మళ్లీ డబ్బా పెట్టలేదు.

కొలవని రోజు గడి ఖాళీగా వదలాలి. ఇది నాకు తెలిసిన నియమమే. దాన్ని తప్పితే ఎవరి మీద పడుతుందో మాత్రం అప్పుడే తెలిసింది.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొన్నేళ్లకు పులివెందులకు బదిలీ అయ్యాను. ఓబులమ్మ అక్కడే ప్రాథమిక పాఠశాల టీచరని తెలిసి వెళ్లాను. పిల్లలను బయటికి పంపబోయింది. వద్దన్నాను.

"ఆ సోమవారం నేను కొలవలేదమ్మా. నీ డబ్బా లెక్కే నిజం. నిన్ను తరగతి ముందర అవమానించినా కాబట్టి, నీ తరగతి ముందరే చెప్తాండా. తప్పు నాది, మన్నించు."